మా ఊరి పీర్లకు ఎదురైన సభ

మొన్న కాషాయ కండువాలు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఏదో ఊరేగింపుకు పిలవడానికి మా గుమ్మంలోకొచ్చి, పేరడిగి, నేను మస్తానమ్మ అనగానే అందించబోయిన కుంకుమ పొట్లాన్ని వెనక్కి తీసుకున్నారు. నా నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టుంది. అది వాళ్లకు కనపడలేదు. పుట్టిన పిల్లలు దక్కక గుంటూరు మస్తాన్ దర్గాకు మొక్కుకుని, తర్వాత పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకున్న హిందువుల ఇళ్లు మన వైపు ఎన్ని ఉన్నాయో నా ఈడువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒళ్లు మండి, ఆ పొట్లం అడిగి మరీ తీసుకున్నాను. కానీ ఆ రోజంతా మా నాన్నే గుర్తుకొచ్చాడు.

రెండువేల తొలి ఏళ్ల మాట. నేను కొత్తగా టీచరునయ్యాను. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో నాన్న పత్తి, మిరప పండించేవాడు. నా పుట్టుకనాటి మొక్కు ప్రకారం ఏటా పీర్ల పండుగకు పెద్ద పీరును ఆయనే ఎత్తేవాడు. పీర్ల చావిడి చూసుకునే దూదేకుల బాబాయి, ఊరందరికీ పరుపులు కుట్టే మనిషి, పీరుకు పట్టుగుడ్డ చుట్టి నాన్న చేతికి అందించేవాడు. ఆయనకూ మనలాగే తెలుగు తప్ప మరో భాష రాదు.

ఆ ఏడు మండల ఎన్నికలొచ్చాయి. ఎంపీటీసీగా గెలిచి ఊరికి మంచినీళ్ల ట్యాంకు తేవాలని నాన్నకు ఎన్నాళ్లనుంచో కోరిక. టికెట్టు మా మేనమామ చేతిలో ఉంది. తెలుగువాడి పౌరుషమని గొంతు చించుకునే ఆయన పార్టీ అప్పుడు ఢిల్లీ హిందూ పార్టీతో చేయి కలిపింది. ఆ పార్టీ వక్తను పిలిచి, సరిగ్గా పీర్లు లేచే మధ్యాహ్నమే మా ఊళ్లో సభ పెట్టారు.

"బావా, ఈ ఒక్క ఏడాదికి పీరు ఎత్తమాక. టికెట్టు నీదే," అన్నాడు మామయ్య.

"పిల్లకి పేరెట్టినప్పుడు నిన్నడిగానేంట్రా? పీరెత్తడానికి అడగాలా?" అన్నాడు నాన్న.

మిరప కల్లాల పక్కన షామియానా కింద ఆ వక్త హిందీలో మాట్లాడుతున్నాడు, మా వాళ్లు ఒక్క ముక్కా అర్థంకాక, కొట్టమన్నప్పుడల్లా చప్పట్లు కొడుతున్నారు. అంతలో డప్పులతో పీర్లొచ్చాయి, ముందు నాన్న, పక్కన ఊదు పొగ వేస్తూ బాబాయి. స్టేజీ మీదున్న మామయ్య చూస్తుండగానే అమ్మ బిందెతో వెళ్లి, ఎప్పటిలాగే నాన్న కాళ్ల మీద నీళ్లు పోసింది. నేనూ పోశాను. కుర్చీల్లోని ఆడవాళ్లంతా లేచి వచ్చారు. ఆ డప్పు దగ్గరయ్యేసరికి మామయ్య, చిన్నప్పటి అలవాటుకొద్దీ, చెప్పులు విడిచి స్టేజీ దిగి పీరుకు తల వంచాడు. తానెక్కడున్నాడో తల వంచాకగానీ ఆయనకు గుర్తు రాలేదు.

టికెట్టు వేరే వాళ్లకు పోయింది, మామయ్య పెత్తనమూ దాంతోపాటే పోయింది. కొన్నేళ్లకు ఎవరి పేరుతోనో ట్యాంకు కట్టారు. నాన్న మొదటి గ్లాసు తాగి, నీళ్లు బాగానే ఉన్నాయని మాత్రం అన్నాడు. ఆయన బాధపడ్డాడని నాకు తెలుసు. తప్పు చేశానని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఇప్పుడూ మా ఊళ్లో పీర్లు లేస్తాయి. నాన్నా లేడు, బాబాయీ లేడు. మోకాళ్లు పట్టేసినా నేను బిందె ఎత్తుతూనే ఉన్నాను, ఎత్తుతాను కూడా. ఒకప్పుడు డప్పు వినపడితే మామయ్యలాంటివాడు కూడా ఆలోచించకుండా చెప్పులు విడిచేవాడు. ఇప్పుడు జనం మొదట చుట్టూ చూసుకుని, ఆ తర్వాత విడుస్తున్నారు.