పలకలకు పెట్టిన పసుపు

మాది బోధన్ పక్కన రెంజల్ మండలంలో ఓ ఊరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై కూడా ఇంట్లో బీడీలు చుడుతున్నాను. మొన్నటి దసరాకు బాపు ట్రాక్టర్‌తో పాటు చేనులో మోటారు నడిపే సోలార్ పలకలకూ పూజ చేశాడు. ప్రతి పలకకూ అడుగున మందంగా పసుపు పూసి బొట్లు పెట్టాడు. మర్నాటి నుంచి మోటారు నీళ్లు పోయలేదు.

నేను చూస్తానంటే బాపు ఒప్పుకోలేదు. "కంపెనోళ్లు గాకుండ ఎవ్వలు ముట్టినా వారంటీ పోతదట. నువ్వు దూరముండు" అన్నాడు. రోజూ ఫోన్ చేశాం. "మనిషిని పంపుతం" అనేవారు తప్ప పంపలేదు. పసుపు పంట కళ్ల ముందే ఎండిపోయింది.

ఇరవయ్యో రోజున మెకానిక్ వచ్చి తడిగుడ్డతో పలకలు తుడిచాడు. అంతే, మోటారు నీళ్లు పోసింది.

"పలక మీద కొంత మూసినా నీడ పడ్డట్టే అక్కా, కరెంటు పడిపోతది" అన్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను. మాకు ఇళ్ల వైరింగ్ నేర్పారు గానీ సోలార్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"గీ తుడిసేదానికి ఇరవై రోజులా?" అని అరిచాను.

"నేనేం జెయ్యాలె? జిల్లా మొత్తానికి నేనొక్కన్నే. పని నేర్సుకునే మనుషులే దొరుకుతలేరు."

"నేను నేర్సుకుంట. మీ కంపెనీల చెప్పు."

అతను నవ్వాడు. "ఆడోళ్లను తీస్కోరక్కా."

ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా చేతిలో బీడీ ఆకు చిరిగిపోతుంది.