ఇన్‌వర్డ్ నంబరు పడిన సిఫారసు

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండో ఎండాకాలం, మే నెల మొదటి వారంలో నేను మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి వచ్చి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుగా చేరాను. శాఖ పేరు రాయను. అప్పటివాళ్ళు చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు, నా వల్ల వాళ్ళకు తలనొప్పి ఎందుకు? జిల్లా కేంద్రంలో ఒక పెద్ద ఆఫీసు, మండలాల్లో చిన్న ఆఫీసులు ఉన్న శాఖ అనుకుంటే చాలు. ఎస్టాబ్లిష్‌మెంట్ అంటే ఉద్యోగుల సెలవులు, ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, బదిలీలు చూసే సెక్షన్. ఏడాదంతా మమ్మల్ని పలకరించని మనిషి కూడా బదిలీల కాలంలో మా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

నేను చేరిన కొద్ది రోజులకే బదిలీల మీద నిషేధం ఎత్తేశారు. కొన్ని వారాల గడువు. ఆ గడువులో దరఖాస్తులు తీసుకుని, వరుస జాబితా తయారు చేసి, జిల్లా అధికారి సంతకంతో ఉత్తర్వులివ్వాలి. అనారోగ్య కారణాలున్నవాళ్ళకు ముందు వరుస. కాగితం మీద పద్ధతి ఇంతే, పసిపిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

కాగితం మీద లేని పద్ధతి ఇంకొకటి ఉంది. సిఫారసు. ఇది ఎట్లా నడుస్తుందో చూడటం నాకు మొదటి నుంచీ సరదా. నేను గమనించినంతవరకు దానికి మూడు దారులు. నాయకుడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఒకటి. నాయకుడి మనిషి ఎవరో వచ్చి అధికారి ఎదుట కుర్చీలో కూర్చుని, పని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా చాయ్ తాగి వెళ్ళిపోవడం రెండోది. మూడోది ఫోను. బయటివాళ్ళు ఉత్తరమే గట్టిదనుకుంటారు. కాదు. ఉత్తరం అడిగినవాళ్ళందరికీ ఇస్తారు. ఇంటికొచ్చిన ఓటరును వట్టి చేతులతో ఎట్లా పంపుతారు? అందులో ఏ ఉత్తరాన్ని పట్టించుకోవాలో తర్వాత ఫోను చెప్తుంది. ఫోను రాని ఉత్తరం అధికారి బల్ల సొరుగులో పడి ఉండి, బదిలీలు అయ్యాక చెత్తబుట్టలోకి పోతుంది. ఏ దారిన వచ్చినా సిఫారసుకు ఇన్‌వర్డ్ నంబరు పడదు. అది మా ఆఫీసుల ఆచారం.

ఇన్‌వర్డ్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఆఫీసుకు వచ్చే ప్రతి కాగితం ముందు ఒక బల్ల దగ్గరికి పోతుంది. అక్కడి గుమాస్తా దాన్ని రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేసి, నంబరు, తేదీ రాస్తాడు. ఒకసారి నంబరు పడిందా, ఆ కాగితానికి ప్రాణం వచ్చినట్టే. దాన్ని ఏం చేశారో ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి.

మా ఇన్‌వర్డ్ గుమాస్తా యాకయ్య ఒకరోజు మధ్యాహ్నం ఒక దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “సార్, జర గిది చూడున్రి. నేను సూసుకోకుంట ముద్ర కొట్టిన,” అన్నాడు.

దరఖాస్తు సరోజన అనే జూనియర్ అసిస్టెంటుది. మహాదేవపూర్ దిక్కు, గోదావరి ఒడ్డున ఉన్న చిన్న ఆఫీసులో పని. ఇల్లు మా జిల్లాలోనే ఉన్న చిట్యాలలో. భర్త ఐలయ్య ఒకప్పుడు లారీ డ్రైవరు, కిడ్నీలు రెండూ పాడై రోజు తప్పించి రోజు భూపాలపల్లి దవాఖానలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆమె సెలవులన్నీ అయిపోయి, జీతం లేని సెలవులోకి దిగింది. ఆమె రాలేని రోజు అతను ఒక్కడే బస్సెక్కి వస్తున్నాడు, ఒకసారి బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయాడు కూడా. భూపాలపల్లిలో ఒకే ఒక ఖాళీ ఉంది, అది ఆమెకు కావాలి. ఇదంతా దరఖాస్తులో పొందిగ్గా రాసి, కింద జతపరచిన కాగితాల జాబితా ఇచ్చింది. ఒకటి డాక్టరు సర్టిఫికెట్, రెండు డయాలసిస్ కార్డు జిరాక్సు, మూడు సర్వీసు సర్టిఫికెట్. నాలుగు, గౌరవ ప్రజాప్రతినిధి గారి సిఫారసు లేఖ.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో సిఫారసును జాబితాలో రాసి జతపరచిన మనిషిని నేను చూడలేదు. యాకయ్య అన్నిటి మీదా ముద్ర కొట్టి, నంబరు వేసి, ఆమెకు రసీదు కూడా ఇచ్చేశాడు.

మా ప్రవర్తనా నియమావళిలో ఒక మాట ఉంది. ప్రభుత్వోద్యోగి తన సర్వీసు విషయంలో పై అధికారుల మీద రాజకీయ ఒత్తిడి గానీ, ఇతర బయటి ఒత్తిడి గానీ తేరాదు. తెస్తే ముందు మెమో ఇచ్చి వివరణ అడగాలి. గోడ మీద అతికించిన ‘పొగ తాగరాదు’ కాగితంలా ఆ మాట ఏళ్ళ తరబడి అట్లాగే ఉంది. ఇప్పుడు దానికింద ఒక కాగితం నంబరుతో సహా వచ్చి కూర్చుంది.

యాకయ్య ఒక ఉపాయం చెప్పాడు. ఆమెను పిలిపించి వేరే దరఖాస్తు రాయించుకుని, మూడు కాగితాలే జతపరచినట్టు పెడదామన్నాడు. “దొరికితే దొంగ, లేకుంటే దొర సార్. పాపం గీమె ఒక్కతే దొరికింది,” అన్నాడు. రసీదు ఆమె చేతిలో ఉంది, రిజిస్టరులో ఎక్కింది, కుదరదన్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం కూడా.

జిల్లా అధికారికి చూపించాను. ఆయన ఒకసారి చదివి, రూల్ ప్రకారం మెమో పెట్టమన్నారు. అంతటితో ఆగలేదు. వివరణ పెండింగులో ఉన్న ఉద్యోగి పేరు బదిలీల జాబితాలో పెట్టం కదా అని నన్నే అడిగారు. అప్పుడు నాకు వెలిగింది. అదే ఖాళీ కోసం ఇంకో జూనియర్ అసిస్టెంటు దరఖాస్తు పెట్టాడు. ఏ అనారోగ్య కారణమూ లేదు. కానీ అతని గురించి నా బల్ల మీది ఫోనుకు రెండుసార్లు ఒక నాయకుడి పీఏ నుంచి కబురు వచ్చింది. అధికారి సెల్లుకు ఎన్ని వచ్చాయో నాకు తెలియదు. ఒళ్ళు మండింది. అయినా మెమో నా చేత్తోనే తయారు చేశాను.

వివరణ ఇవ్వడానికి సరోజన స్వయంగా వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిసంచిలో దవాఖాన ఫైలు. ఏడవలేదు, బతిమాలలేదు. సిఫారసు తేవడం తప్పని తెలియదా అని అడిగాను.

“లెటర్ లేకుంటే పనే గాదని అందరన్నరు సార్, తెచ్చిన. మా ఆఫీసుల ఇన్‌వర్డ్ జూసేది నేనే. నంబర్ లేని కాయితం ఎటువోతదో నాకు తెల్వదా? గందుకే జాబితాల రాసి నంబర్ ఏపిచ్చిన,” అంది.

ఆ పొరపాటు మా వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఇన్‌వర్డ్ గుమాస్తా గనుకనే ఆమె నంబరును నమ్ముకుంది.

తర్వాత ఆమె ఇంకో ప్రశ్న వేసింది. “నా తప్పేంది సార్? తెచ్చుడా, రాసుడా?”

తెచ్చుడే తప్పు అన్నాను. “మరి తెచ్చినోళ్ళందరికి మెమోలు పోయినయా? మీరు గిక్కడికి ఎట్ల వచ్చిన్రు సార్?” అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

వివరణ మీద ముద్ర వేయించుకొమ్మని ఆమెకు యాకయ్య బల్ల చూపించాను. బదిలీల మీద నిషేధం ఉన్న రోజుల్లోనే నేను మహబూబాబాద్ నుంచి వచ్చాను. అక్కడి అధికారితో నాకు పడలేదు. మా షడ్డకుడికి తెలిసిన ఒకాయన ఎవరికో ఒక మాట చెప్పాడు, వారంలో ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. నా సర్వీసు రిజిస్టరు తిరగేస్తే కడిగిన ముత్యం. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది.

సిగ్గుతో పాటు ఆసక్తి కూడా పుట్టింది. ఈ నియమం కింద ఇంతకుముందు ఎవరికైనా మెమో ఇచ్చారా? జనగామలో, మహబూబాబాద్‌లో నాలాంటి పని చేస్తున్న పాత మిత్రులిద్దరికి ఫోన్ చేశాను. జనగామ మిత్రుడు పడిపడి నవ్వాడు, తన ఎరుకలో ఒక్కటీ లేదన్నాడు. మహబూబాబాద్ మిత్రుడికి ఒకటి గుర్తుంది. అదెట్లా దొరికిందని అడిగితే, ఎవరో తెలియక ఉత్తరాన్ని పోస్టులో పంపారట, నంబరు పడిందట.

అప్పుడు ఫైలు పెట్టాను. మా ఫైలులో రెండు భాగాలుంటాయి. వచ్చిన కాగితాలు ఒక పక్క, వాటి మీద మేము రాసే నోటు ఇంకో పక్క. నోటు పేజీలకు వరుస నంబర్లుంటాయి, చింపడానికి వీలుండదు. మొదటి పేరాలో సరోజన ఉత్తరం సంగతి, ఆమె వివరణ రాశాను. రెండో పేరాలో, ఇదే ఖాళీ గురించి రెండో దరఖాస్తుదారు తరఫున ఆఫీసు ఫోనుకు వచ్చిన రెండు కబుర్లు, తేదీ, వేళ, చేసినవారి హోదాతో సహా రాశాను. నియమంలో ఒత్తిడి అని ఉంది తప్ప కాగితమనో ఫోననో లేదు గనుక, అతని నుంచి కూడా వివరణ కోరవచ్చునా అని ఉత్తర్వు కోసం పంపాను.

ఫైలు మూడు రోజులు లోపలే ఉంది. నాలుగో రోజు నోటు అంచున ‘చర్చించండి’ అని రాసి వచ్చింది. మా భాషలో అది చీవాట్లకు పిలుపు. “ఇదేంటండీ, ఫోన్లు కూడా ఫైలుకెక్కిస్తారా మీరు? రేపు నేనెవరితో మాట్లాడానో కూడా రాస్తారా?” అని అధికారి నిలబెట్టి అడిగారు. రెండింటికీ ఒకటే రూల్ సార్, మీరు ఎట్లా చెప్తే అట్లా, అన్నాను. ఆయన ఫైలు మళ్ళీ తెరిచి రెండో పేరా ఇంకోసారి చదివారు. తర్వాత రెండో అతని నుంచి కూడా వివరణ తీసుకుని జాబితా వరుస ప్రకారం పొమ్మన్నారు.

రెండో అతను ఒక్క వాక్యంలో వివరణ ఇచ్చాడు. తనకు తెలియకుండా ఎవరో శ్రేయోభిలాషులు ఫోన్ చేసి ఉండవచ్చు. దాన్ని కాదనడానికి ఏ ఆధారమూ లేదు, వదిలేశారు. సరోజన తెచ్చిన ఉత్తరం ఫైలులోనే ఉంది, దాన్ని జతపరచినట్టు ఆమె సంతకంతో సహా. ఆమెకు ‘ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను’ అన్న హెచ్చరిక సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. భూపాలపల్లి ఖాళీ మాత్రం వరుస ప్రకారం ఆమెకే వచ్చింది. ఉత్తర్వు తీసుకుని, అదే సాయంత్రం దవాఖానకు పోయి ఐలయ్యకు చూపించిందని యాకయ్య చెప్పాడు. నాకు ఎంత సంతోషమైందో!

రిటైరయ్యాక తీరిగ్గా చదువుకున్నాను. కొన్ని దేశాల్లో ప్రభుత్వం దగ్గర పని చేయించుకోవడానికి నాయకులను, అధికారులను కలిసేవాళ్ళు తమ పేరు నమోదు చేసుకోవాలట. ఎవరి తరఫున, ఏ విషయమై, ఎవరిని కలిశారో రాసి ఇవ్వాలట, దాన్ని ఎవరైనా చూడవచ్చునట. మన దగ్గర అట్లాంటి చట్టం లేదు, ఉన్నది ఇట్లాంటి నియమాలే. చదువుతుంటే సరోజన దరఖాస్తు గుర్తొచ్చింది. ఎవరి సిఫారసు, ఎవరి కోసం, ఏ ఖాళీకి, అన్నీ తనంతట తానే రాసి ఇచ్చింది. అక్కడ చట్టమే చేయమని చెప్పే పనికి ఇక్కడ మేము మెమో ఇచ్చాం.

నా రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు సరోజనకు సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వరస వచ్చింది. ప్రమోషన్ మీద వేరే మండలానికి పోవలసి రావచ్చు. ఐలయ్య డయాలసిస్ నడుస్తూనే ఉంది. ఇక్కడే ఉంచమని ఆమె దరఖాస్తు పెట్టింది, మూడు కాగితాలే జతపరచింది. రెండు రోజులకు నా బల్ల మీది ఫోను మోగింది. ఒక నాయకుడి పీఏ, ఆమెను భూపాలపల్లిలోనే ఉంచాలన్నాడు. ఈ మాట ఉత్తరంలో రాసి పంపుతారా అని అడిగాను.

“ఎందుకు సార్, కాయితం వద్దని గామెనే చెప్పింది. మీ ఆఫీసుల కాయితం పెడితే మెమో ఇస్తరట గద,” అన్నాడు.

ఆ ఫోను సంగతి నేను ఎక్కడా రాయలేదు. మా నియమం సిఫారసును ఆపలేదు. సిఫారసును దాచకుండా రాసిన ఒక్క మనిషికి దాచడం నేర్పింది.