తాళం తీసినా ఆగని బండి

బాగ్‌బేరాలో రైల్వే యార్డు గోడ వెంట వరసగా నాలుగు షెడ్లున్నాయి. మూడోది సూర్యానిది. డీజిల్ బండి అయితే సూర్యం దగ్గరికే తీసుకెళ్లమని టాటానగర్ స్టేషన్ బయట ఏ ఆటోవాలానడిగినా చెబుతాడు. అలా చెప్పేవాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటుంది. సూర్యానికి డీజిల్ ఇంజనంటే భయం. అలాంటిలాంటి భయం కాదు, ప్రాణభయం.

పన్నెండేళ్ల కిందట అతను తవిటయ్య అనే మేస్త్రీ దగ్గర పనిచేసేవాడు. ఒకరోజు ఒక వ్యాను ఇంజను తన ఆయిలు తనే తాగడం మొదలుపెట్టింది. అలా జరిగితే డీజిల్ ఇంజనుకి తాళంతో పనిలేదు. ఆయిలున్నంతసేపూ వేగం పెంచుకుంటూ పోయి చివరికి బద్దలవుతుంది. సూర్యం చేతిలో స్పానరు అక్కడే పారేసి రోడ్డు దాటి పరిగెత్తాడు. వెనక పెద్ద చప్పుడైంది. తిరిగొచ్చేసరికి తవిటయ్య కుడి మోచెయ్యి నుజ్జునుజ్జయి ఉంది. ఆ చెయ్యి మళ్లీ సరిగా ముడుచుకోలేదు. ఆయన సూర్యాన్ని ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. పారిపోయిన సంగతి సూర్యం ఇంట్లో పెళ్లానికి కూడా చెప్పుకోలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

మొన్న విశ్వకర్మ పూజ అయిన నాలుగో రోజు పొద్దున్న అతని షెడ్డు ముందు ఒక కారు ఆయాసపడుతూ ఆగింది. బానెట్ మీద కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. నడిపింది రోహిణి, భుయ్యాడీహ్‌లో బడిపంతులమ్మ. వెనక సీట్లో ఆమె తల్లి వరహాలమ్మ. రోహిణి చెల్లెల్ని రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్లి తిరిగొస్తున్నారు.

"అంకుల్, పికప్ బిల్కుల్ నహీ హై," అంటూ బండి అస్సలు లాగడం లేదని హిందీలో చెప్పింది రోహిణి.

"నల్లపొగ కక్కతంది నాయినా. నాలాగే మెట్టెక్కలేకపోతంది," అంది వెనకనుంచి వరహాలమ్మ. ఆవిడకి రెండు మోకాళ్లూ పట్టేశాయి. కారు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి, పది నిమిషాలు పడుతుంది.

సూర్యం బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. ఎక్కడో సన్నగా సుయ్‌మని గాలి పోతోంది. టర్బో తోసిన గాలిని నాలుగు సిలిండర్లకీ పంచిపెట్టే మానిఫోల్డ్ దగ్గర లీకుంది. గాలి చాలకపోతే డీజిల్ సరిగా కాలదు, బండి లాగదు, పొగ నల్లబడుతుంది. అంతవరకూ అర్థమైంది. ఏ మూల కారుతోందో తెలియాలంటే మాత్రం ఇంజను గట్టిగా తిప్పాలి.

ఏ బండి వచ్చినా ముందు ఆయిలు పుల్ల తీసి ఎంతుందో చూడాలి. పనిలో చేరిన మొదటిరోజే చెప్పే మాట అది. ఆ రోజు సూర్యం చూడలేదు. భయపడేవాడికి తొందరెక్కువ. ఎంత త్వరగా ఈ ఇంజను ఆపేద్దామా అన్నదే అతని ధ్యాస.

"నేను దిగీమంటావా?" అనడిగింది వరహాలమ్మ.

"అక్కర్నేదు పెద్దమ్మా. రెండు నిమిషాల పని. అమ్మా, నువ్వు కొంచెం ఎక్సిలేటరు తొక్కు."

రోహిణి తొక్కింది. సుయ్‌మనే చప్పుడు పెరిగింది. "ఇంక వదిలీ," అన్నాడు సూర్యం. ఆమె కాలు తీసింది. ఇంజను తగ్గలేదు.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. "తాళం తీసీ!" అని అరిచాడు. రోహిణి తాళం తీసి చేత్తో పైకెత్తి చూపించింది. ఇంజను ఇంకా వేగం పుంజుకుంటోంది. తెల్లటి పొగ షెడ్డు నిండా కమ్మింది. రోహిణి దూకి వెనక తలుపు తీసి తల్లిని లాగుతోంది. ఆవిడ కాళ్లు కదలడం లేదు.

సూర్యం పరిగెత్తాడు. అవును, పరిగెత్తాడు. షెడ్డు ముందు కాలవ దాటి, రోడ్డవతలి దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. పొగలోంచి వరహాలమ్మ మొహం కనిపించింది. ఆవిడ అరవడం లేదు. అతన్నే చూస్తోంది. ఆ చూపుకి సూర్యానికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక్కొచ్చాడు.

గేరులో వేసి బ్రేకు తొక్కి ఆపే పద్ధతి ఒకటుంది. కానీ బండి ముందున్నది రోడ్డు, పట్టు తప్పితే జనం మీదికి పోతుంది. గాలి గొట్టం ఊడబీకి దాని మూతికి చెక్క అడ్డంపెట్టి రెండు చేతులతో అదిమాడు. గాలి లేకపోతే ఇంజను చచ్చి తీరాలి. గొంతు మారింది, వేగం తగ్గింది, చావలేదు! మూతి మూసినా ఎక్కణ్నుంచో ఊపిరి పీలుస్తోంది. మళ్లీ పెరుగుతోంది.

లీకు! ఇందాకటిదాకా గాలి బయటికి పోయిన సందులోంచే ఇప్పుడు లోపలికి పీలుస్తోంది. ఒక చేత్తో చెక్క నొక్కిపట్టి, రెండో చేత్తో పక్కనున్న తడిగుడ్డ తీసుకుని ఇంజను వెనక మూలకి తోశాడు. అరచెయ్యి చుర్రుమని కాలింది. గుడ్డ చటుక్కున ఒకచోట అతుక్కుపోయింది. దాన్నక్కడే అదిమిపట్టి, కళ్లు మూసుకుని, సింహాద్రి అప్పన్నను తలుచుకున్నాడు. బండి మొత్తం గజగజా వణికి ఆగిపోయింది.

సూర్యం, రోహిణి కలిసి వరహాలమ్మని దించి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడు సూర్యం ఆయిలు పుల్ల తీశాడు. ఆయిలు గీతకి రెండు వేళ్లు పైకుంది. ఎక్కువైన ఆయిలే గాలి గొట్టంలోకి ఎక్కి డీజిల్‌లా కాలింది.

"ఇంత ఆయిలు ఎవులు పోసేరు?"

"నేనే పోయించినాను," అంది వరహాలమ్మ చిన్నగొంతుతో. "పూజనాడు దాని కడుపు నిండాలని. నిండితే ఇలాగయిపోద్దని నాకేటి తెలుసు నాయినా?"

ఇంజనుని చేత్తో తిప్పి చూశాడు. అదృష్టం, సాఫీగానే తిరిగింది. మానిఫోల్డ్ విప్పితే గుడ్డ అతుక్కున్నచోటే, నాలుగో సిలిండరు దగ్గర, గాలి పోకుండా ఆపే గాస్కెట్ చిరిగి ఉంది. అక్కడ నట్టే లేదు. చెయ్యి అందని చోటని అంతకుముందెవరో వదిలేశారు. ఎక్కువైన ఆయిలు తీసేసి, గొట్టాలన్నీ కడిగి తుడిచాడు. సాక్చి బజారు నుంచి కొత్త గాస్కెట్ తెప్పించి, నట్లు మధ్యనుంచి చివరలకి బిగించుకుంటూ వచ్చాడు. ఆ వెనక నట్టు ఒక్కదానికే అరగంట పట్టింది.

ఇక స్టార్ట్ చేసి చూడాలి. తాళం పెట్టాడు గానీ చెయ్యి తిరగలేదు. అంతా సరిచేశానని తెలుసు. తెలిసినా ఒళ్లంతా చెమట. రోహిణి అతన్నే చూస్తోంది. ఉన్నట్టుండి, ఎందుకన్నాడో తనకే తెలియకుండా, నోటంట వచ్చేసింది.

"నేను ఇందాక పారిపోనాను పెద్దమ్మా."

"సూసినాను," అంది వరహాలమ్మ. కూతురి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "నాకే కాళ్లుంటే నీకన్నా ముందు పరిగెట్టీదాన్ని. ఈ పిల్ల లోపలున్నా సరే, ఆగీదాన్ని కాదు."

రోహిణి వెళ్లి తల్లి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

సూర్యం వాళ్లిద్దరూ చూస్తుండగానే తాళం తిప్పాడు.