ప్రార్థన నూనె

యుద్ధం జరుగుతున్న రోజులవి. మేము బెజవాడలో కాలవకు దగ్గరగా ఉండేవాళ్లం. మా నాలుగేళ్ల రూతు రేవు మెట్ల మీద పడి నుదురు చీల్చుకుంది. డాక్టరుగారు గాయాన్ని దగ్గరికి లాగి జిగురు పట్టీలు అంటించారు. "కుట్లు అక్కర్లేదమ్మా. అవే ఊడేదాకా తడి తగలనీయకండి" అన్నారు. నేను స్నానం కూడా మెడ కిందికే చేయించాను.

ఆ శనివారం సంఘంలోని స్త్రీలు మా ఇంటికి వచ్చారు. రోగికి నూనె రాసి ప్రార్థించమని బైబిలు వాక్యంలో ఉంది కదా! పెద్దావిడ శాంతమ్మగారు కొబ్బరినూనెలో వేళ్లు ముంచి, పిల్ల నుదుటిమీద రాసి ప్రార్థన మొదలుపెట్టారు. అందరం కళ్లు మూసుకున్నాం.

"అమ్మా, కళ్లలోకి కారుతోందే" అంది రూతు.

"నూనేలే. ప్రార్థనలో మాట్లాడకూడదు" అన్నాను.

అంతలో నా చేతిమీద వెచ్చగా ఏదో పడింది. కళ్లు తెరిచి కెవ్వుమన్నాను. పట్టీలు కనుబొమ్మ మీదికి జారిపోయాయి. గాయం విచ్చుకుని, పిల్ల ముఖమంతా రక్తం!

శాంతమ్మగారు పైట చెంగుతో గాయాన్ని అదిమిపట్టి, "జట్కా పిలవండే! ఆమెన్ తర్వాత చెప్పుకుందాం!" అని అరిచారు.

డాక్టరుగారు ఈసారి కుట్లు వేశారు. "తడి వద్దంటే నూనె రాస్తారా? జిగురు నిలుస్తుందా?" అని కోప్పడ్డారు.

నూనె రాసి చేసే ప్రార్థనను ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు నా బిడ్డను కాపాడింది దేవుడేననీ నమ్ముతాను. కానీ జబ్బుపడ్డవారి పక్కన ప్రార్థించేటప్పుడు మాత్రం నేను మళ్లీ కళ్లు మూసుకోలేదు.