మట్టిపిట్ట మీద వేళ్లు

మాచర్ల దారిలోని క్వారీలో బండలు పేల్చీ పేల్చీ సైదయ్య రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. యజమాని మీద పరిహారం కేసు నరసరావుపేట కోర్టులో నడుస్తోంది. పని పోయింది, రేడియో పెట్టుకున్నా వినబడదు. పొద్దు గడవక కోటప్పకొండ తిరునాళ్లలో ఒక కుమ్మరామె దగ్గర మట్టిపిట్ట కొన్నాడు. పిడికిలంత బోలు పిట్ట; తోకలో ఊదే కన్నం, వీపున వేళ్లకు బెజ్జాలు. మొదట్లో పొయ్యి ఊదినట్టు ఊదాడు. పిట్ట కీచుమని అరిచింది, వీధి కుక్కలు లేచాయి. భార్య పోలమ్మ చెవులు మూసుకోవడం చూసి ఊపిరి తగ్గించాడు. సన్నగా ఊదితే మట్టి వేళ్ల కింద అదురుతుంది. ఏ బెజ్జం మూస్తే ఎట్లా అదురుతుందో పట్టుకుని మెల్లగా పాట కట్టాడు. తప్పితే పోలమ్మ తల అడ్డంగా ఊపుతుంది, కుదిరితే బియ్యం చెరగడం ఆపి వింటుంది.

ఒక సాయంత్రం క్వారీ మేస్త్రీ గుమ్మం ముందు ఆగాడు. "ఏందిరా సైదిగా, చెవుడన్నోడివి పాట ఎట్టా ఊదుతున్నావ్?"

"వేళ్లతో వింటాడయ్యా. మీ పేలుళ్లు అయ్యొక్కటే మిగిల్చినయ్" అంది పోలమ్మ.

"ఆ మాట జడ్జిగారు నమ్ముతాడేమో చూద్దాంలే" అని నవ్వుకుంటూ పోయాడు.

కేసు తేలేదాకా ఊదొద్దని పోలమ్మ మొగుడికి సైగ చేసింది. అప్పటినుంచి సైదయ్య అరుగు మీద కూర్చుంటాడు గానీ పిట్టను పెదాలకు ఆనించడు. వేళ్లు మాత్రం బెజ్జాల మీద లేస్తూ వాలుతూ ఉంటాయి. ఊదనప్పుడు ఇదెందుకని ఆమె చేతులు తిప్పి అడిగింది. చెవిటివాడి గొంతు కదా, వీధంతా వినబడింది.

"వేళ్లు మర్చిపోతయ్యే, పోలీ!"