వాన గేయానికి ఎర్ర రంగు

నేను పుట్టి పెరిగింది గుంటూరులో, మేడ ఇంట్లో. వానొస్తే కిటికీలు మూసుకోవడం, పకోడీలు వేయించుకోవడం తప్ప మాకు వేరే పని ఉండేది కాదు. పర్చూరు దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు టీచరుగా వెళ్లిన మొదటి ఏడు, వాన గురించి నాకున్న జ్ఞానం అంతే. ఆ జ్ఞానంతోనే నాలుగో తరగతికి వాన గేయం చెప్పాను.

గేయం చిన్నది. మబ్బు పడుతుంది, చినుకు రాలుతుంది, పిల్లలు చప్పట్లు కొట్టి గంతులేస్తారు. గేయాన్ని బట్టీ పట్టించకుండా, పిల్లల చేత బొమ్మ గీయించి, ఆడించి చూపిస్తే అర్థం వాళ్లకే దొరుకుతుందని శిక్షణ తరగతుల్లో చెప్పారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ప్రశ్న పిల్లలకు ఇచ్చి, జవాబు మాత్రం నా సంచిలోనే పెట్టుకున్నాను.

బొమ్మ గీయమంటే తరగతంతా నీలం గీతలు గీసి, కింద గొడుగులు పెట్టింది. ఆ ఊళ్లో గొడుగు పట్టుకుని నడిచే మనిషిని నేనింతవరకూ చూడలేదు. పుస్తకంలో ఉంది కాబట్టి వాళ్లూ పెట్టారు. ఒక పిల్ల మాత్రం కాగితం నిండా ఎర్ర రంగు పూసి, ఒక మూల నల్లటి ముద్ద గీసింది.

"ఇందులో వానేదమ్మా?" అన్నాను.

"ఇంకా రాలేదు మేడం" అంది.

"వాన గీయమంటే రాని వాన గీస్తావా?" అని ఇంకో కాగితం, నీలం క్రేయాన్ చేతిలో పెట్టాను. నీలం గీతలు గీసింది. గొడుగు కూడా పెట్టింది. దానికి టిక్కు పెట్టాను.

ఆ పిల్ల తండ్రి పొలం కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. ఆ వారమే తల్లిదండ్రుల సమావేశానికి వచ్చాడు. "మీ అమ్మాయి చదువుతుంది గానీ, గేయం అర్థం కాదండీ. అడిగేదొకటి, చేసేదొకటి" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పానని నా మీద నాకు గౌరవం కూడా కలిగింది.

ఆయన తలూపాడు. "రాని చదువెందుకులే మేడంగారూ. కాయకోతలు మొదలైనయ్. సోమవారం నుంచి వాళ్లమ్మతో పాటు చేలోకి పోద్ది."

"బడి మాన్పించమని కాదండీ నేను చెప్పింది."

"మీరు చెప్పిందే గదా నేననేది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అన్నాడు. శనివారం పిల్లలు ఆ గేయాన్నే ఆడి చూపిస్తారు, అది చూశాకే ఏ సంగతీ తేల్చండని బతిమాలాను. వస్తానన్నాడు.

ఇక ఆ పిల్ల చేత గంతులు సరిగ్గా వేయిస్తే చాలు, బడిలో నిలబడుతుందని నా తాపత్రయం. మా పిల్లల్లో చాలామందికి ఆదివారాలు చర్చిలో చేతులూపుతూ పాటలు పాడటం అలవాటే. అభినయం వాళ్లకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఈ పిల్ల కూడా వాళ్లలో ఒకతే. కానీ నా వాన దగ్గరికి వచ్చేసరికి దాని చేతులు ఆగిపోయేవి. "నవ్వమ్మా, వానొచ్చింది" అని పదిసార్లు చెప్పాను. నవ్వింది. పళ్ల డాక్టరు ముందు నోరు తెరిచినట్టుంది.

శనివారం తల్లిదండ్రులు వరండాలో చాపల మీద కూర్చున్నారు. ఆయన మాత్రం మెట్టు మీదే కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలు నీలం దుప్పటి ఎత్తి పట్టుకున్నారు. అది మబ్బు. మిగతావాళ్లు గేయం పాడుతున్నారు. చినుకు రాలే చరణం వచ్చింది. గంతులు వేయాల్సిన పిల్ల కదల్లేదు. ఆకాశం వంక ఒకసారి చూసింది.

"ఒరేయ్, కాయ తడిసిపోద్దిరా, పట్టండి" అని అరిచి, మబ్బును ఒక్క లాగు లాగి నేల మీద పరిచేసింది.

అంతే, తరగతి మొత్తం పరుగెత్తింది. కొందరు దుప్పటి అంచులు గుంజారు. ఇద్దరు లేని కాయల్ని చేతులతో కుప్పకు ఎగదోశారు. పాడేవాళ్లు పాట మానేశారు. నేను ఆపండని అనబోయాను. ఈలోగా మెట్టు మీద నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఆ మూల రాయి పెట్టు తల్లీ. గాలికి లేచిపోద్ది."

ఎవరూ నవ్వలేదు. ఒకామె లేచి వెళ్లి తన నీళ్ల సీసా ఆ మూల మీద పెట్టి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఎర్ర కాగితం కల్లంలో ఆరబోసిన మిరపకాయలని, మూలనున్న నల్లముద్ద వానొస్తే కాయ మీద కప్పడానికి మడిచిపెట్టిన టార్పాలిన్ పట్టా అని. ఆరే కాయ తడిస్తే రంగు పోయి తాలుకాయ అవుతుంది. అది ఆ వరండాలో నాకు తప్ప అందరికీ తెలుసు. గురివింద గింజ సామెత పిల్లలకు నేనే చెబుతాను.

జనం సర్దుకుని లేచేలోగా ఆయన వెళ్లిపోయాడు. సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు.

సాయంత్రం బడి వదిలాక ఎర్ర కాగితం తీసుకుని వాళ్ల కల్లానికి వెళ్లాను. ఆ పిల్ల కుప్ప పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. కాగితం తండ్రి చేతికిచ్చాను.

"ఇది నేను తప్పని పక్కన పెట్టిన బొమ్మండీ. మీ అమ్మాయికి గేయం అర్థమైంది. నాకే కాలేదు. ఆ రోజు నేను చెప్పింది తప్పు."

ఆయన కాగితాన్ని వెలుగుకేసి పట్టి చూశాడు. నల్ల ముద్ద మీద బొటనవేలు ఆనించి, "పట్టా" అన్నాడు. కాగితం జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"రాదని మీరు చెబితే నమ్మాం మేడంగారూ. ఇప్పుడు వచ్చంటున్నారు, ఇదీ నమ్ముతాం. మీరు చెప్పిందే గదా మాకు తెలిసేది."

తిట్టినా బాగుండేదనిపించింది. సిగ్గుతో అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మర్నాడు ఆ పిల్ల ప్రార్థనకు ముందే వచ్చింది. గోళ్ల సందుల్లో కారం ఇంకా పోలేదు. ఆ చేతుల్తో కళ్లు తుడుచుకోకమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ సంగతి దానికి నాకంటే బాగా తెలుసు.