తలుపు తట్టని మనిషి గురించి ఆంటీతో తగాదా

పోయిన గురువారం ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే కింది వాటా నుంచి ఓనరాంటీ కూతురు పిలిచింది. "అమ్మ లేవడం లేదు, ఒకసారి రా." వెళ్లి చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. మా ఓనరాంటీ నిద్రలోనే వెళ్లిపోయారు.

కాడుగోడిలో తొమ్మిదేళ్లుగా నేను ఆవిడ ఇంటి పై వాటాలో అద్దెకుంటున్నాను. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇంటికి ఎవరొచ్చినా కూచోమనే ముందు కనురెప్ప కిందికి లాగి చూసేవారు. "రక్తం తక్కువుండాది, ఆకుకూర తిను" అనేవారు. రోజూ సాయంత్రం ఏడింటికి ఇద్దరం కలిసి ఒక సీరియల్ చూసేవాళ్లం.

అందులో ఒక తాగుబోతు భర్త. పెళ్లాన్ని కొడతాడు, పిల్లల్ని వదిలి పోతాడు. తరువాత నాలుగేళ్లపాటు కొంచెం కొంచెంగా మారతాడు. చివరి రోజు ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చి, లోపల పిల్లల నవ్వులు విని, తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగాడు. అంతటితో పోయిన ఏడాది ఆ సీరియల్ అయిపోయింది.

ఆ సీరియల్ చూసేవాళ్ల ఫోన్ గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. ఇన్నేళ్ల మార్పునూ ఒక్క రోజులో చెరిపేశారని సగం మంది, ఇదే సరైన ముగింపని సగం మంది. అందరికంటే పొడుగ్గా రాసింది నేనే. మనిషి మారాక కూడా కథ అతన్ని ఇంట్లోకి రానివ్వకపోతే ఇక మారడం దేనికని నా వాదన.

మరునాడు పొద్దున్నే ఆంటీ ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఇంత రాసినావే, సరిగ్గా చూసినావా? మొదట్లో వాడు ఆ తలుపును కాలితో తన్ని తెరిచేవాడు. ఇప్పుడు లోపల నగుతాండారని విని ఎనక్కి పోయినాడు. మారినాడనేకి ఇంకేం కావల్ల?"

"మరి ఆమె సంగతేంటి ఆంటీ? రానివ్వాలో వద్దో చెప్పాల్సింది ఆమె కదా. అతను వచ్చినట్టు ఆమెకు తెలియనే లేదు."

ఆంటీ, "అది నిజమే" అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "సీరియల్లో వాని కోసరం ఇంత రాస్తావు. మీ నాయన ఫోన్ చేస్తే ఎత్తవు" అన్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. నా పదో ఏట మా నాన్న తాగుడు కోసం మమ్మల్ని వదిలేశాడు. అమ్మ పోయిన తరువాత తాగుడు మానేశానని ఫోన్లు మొదలుపెట్టాడు. ఆంటీకి ఇదంతా నేనే చెప్పాను. నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. అయిదో రోజు నాన్నకు ఫోన్ చేశాను.

రమ్మని నేను అనకపోయినా ఆ ఆదివారం ఆయన ఒక చేతిసంచితో కుప్పం నుంచి రైల్లో వచ్చాడు. ఆంటీయే కింద హాల్లో కనురెప్ప లాగి చూసి, కూచోబెట్టి, "నిద్ర సాల్దప్పా నీకు" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి, "ఇప్పుడెందుకు వచ్చాడో మీరే అడగండి ఆంటీ" అన్నాను.

"వార్డులో ఎవరినీ మళ్లా ఎందుకొచ్చినావని అడగమమ్మా. స్వల్ప కాఫీ పొడి అందుకో."

కాఫీ ఇచ్చి ఆవిడ ఆయన్ని అడిగింది సీరియల్ గురించి. ఆయనా చూశాడట.

"వాడు తట్టకుండా పోయింది సరేనా అప్పా?"

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "ఏమో అక్కా. నాకైతే అంత ధైర్యం లేదు. పాపను ఒకతూరి చూడల్లనిపించె, వచ్చేసినా."

ఆయన్ని నేను పూర్తిగా క్షమించానని చెప్పలేను. కానీ అప్పటినుంచి నెలకొకసారి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఆంటీ, ఆయనా ఆ ముగింపు మీద మళ్లీ వాదించుకునేవాళ్లు. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

శుక్రవారం సమాధి కార్యక్రమానికీ వచ్చాడు. తిరిగొచ్చేసరికి మబ్బు పట్టింది. లోపల పాస్టరు ప్రార్థన చేస్తున్నారు. నాన్న కోసం చూస్తే పెరట్లో ఉన్నాడు. బుధవారం ఆంటీ ఉతికి ఆరేసిన బట్టలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. రెండు నైటీలు, ఒక నేత చీర, తువ్వాళ్లు. ఒక్కొక్కటే తీసి, అంచులు కలిపి మడత పెట్టాడు. అన్నీ అయ్యాక ఎవరికివ్వాలో తెలియక, రెండు చేతుల మీదా మోస్తూ అక్కడే నిలబడ్డాడు.